పన్నెండో నంబరు తల్లి

"నా ఎలుకల నోటుబుక్కులు ఎక్కడ పెట్టావోయ్?"

ఆయన హాల్లోంచి కేకేసేసరికి ఆవిడ వంటింట్లో స్టూలు మీద కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన "నా" అనే వస్తువులు చాలానే ఉన్నాయి. నా కళ్ళజోడు, నా గొడుగు, నా మాత్రలు. వాటిలో ఏ ఒక్కటీ ఎక్కడుందో ఆయనకు తెలియదు. వస్తువు ఒకరిది, అది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే పని ఇంకొకరిది. ఈ ఏర్పాటుకి ఆవిడ ఎప్పుడో అలవాటు పడిపోయింది, పట్టించుకోవడం కూడా మానేసింది. కానీ ఇవాళ ఆ "నా" మాత్రం ఎక్కడో కలుక్కుమంది. ఆ నోటుబుక్కుల్లో ఆయన చేత్తో గీసిన గీత ఒక్కటి కూడా లేదు మరి.

"మీ ఎలుకలేమిటి కొత్తగా?" అంది అక్కణ్ణుంచే.

"అదేనోయ్, మన ఎలుకలు."

మన దాకా దిగాడు, నయమే.

ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉంది. ఇంకో పావుగంటకి దానికోసం ఇల్లంతా గాలిస్తాడు. ఆయన లేజరు ప్రొఫెసరుగా రిటైరైన పరిశోధనా కేంద్రం నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసిందట, పదకొండు గంటలకి ఇంటికే వస్తోందట. "ముప్పై అయిదేళ్ళ కిందటి పేపరోయ్! నేనూ కళ్ళ డాక్టరూ కలిసి రాసింది. అందులో ఉన్నట్టు జరగడం లేదంటుందేమిటి ఆ పిల్ల? నా లెక్క తప్పుతుందా ఎక్కడైనా? వాడుంటే గట్టిగా సమాధానం చెప్పేవాడు, వాడూ పోయె." కళ్ళ డాక్టరు పోయి మూడేళ్ళయింది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. ఎంత ఒళ్ళు మండినా ఆ వణుకు వింటే చాలు, ఆవిడకి జాలేస్తుంది. అదే ఆవిడతో వచ్చిన చిక్కు.

"కూర్చోండి. పుస్తకాలు ఎక్కడికీ పోలేదు. చేతులు కడుక్కుని తెస్తాను," అంది.

పోలేదు. పద్నాలుగు నోటుబుక్కులూ పడగ్గది అలమారా పై అరలో, చలికాలం దుప్పట్ల కింద, గళ్ళ సంచీలో ఉన్నాయి. ఇల్లు మారిన మూడుసార్లూ ఆ సంచీని సామాన్ల లారీ ఎక్కించకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. "ఏవిటే అంత భద్రం, నగలా?" అని అత్తగారు ఒకసారి నిలదీస్తే "పాత బట్టలు అత్తయ్యా" అని అబద్ధమాడింది. ఎలుకల పుట్టుకలూ చావులూ రాసుకున్న పుస్తకాలని నిజం చెబితే అత్తగారు ఇంటిల్లిపాదినీ పిలిచి మరీ నవ్వి ఉండేది.

సంచీ మూతి విప్పగానే ఎలుకల పెట్టెల్లో పరిచే రంపపు పొట్టు వాసన గుప్పుమంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా! ఆవిడ మంచం అంచున అలాగే కూలబడిపోయింది. మోకాళ్ళ నొప్పులూ లేవు, బఠానీలూ లేవు. ఆవిడకి ఇరవై మూడేళ్ళు.

పరిశోధనా కేంద్రంలో లేజరు భవనానికీ కళ్ళ ఆస్పత్రికీ మధ్య కిటికీల్లేని చిన్న భవనం ఒకటి ఉండేది. అదే జంతుశాల. ఎండాకాలమైనా చలికాలమైనా లోపల ఒకటే వేడి. వరసగా బీరువాలంత ఎత్తు అరలు, అరల నిండా పెట్టెలు, పెట్టెకో తలకిందుల నీళ్ళ సీసా. సీసా గొట్టం చివర ఉక్కు గుండుని ఎలుకలు నాలుకతో నెట్టుకుంటూ నీళ్ళు తాగుతుంటే గదంతా టిక్కుటిక్కుమంటూ ఉండేది. జంతువుల వంశాల గురించి పుస్తకాల్లో చదివి, మొదటి ర్యాంకు తెచ్చుకుని, తెల్లకోటు వేసుకుని వెళ్ళిన ఆ పిల్లని చూసి జంతుశాల పెద్దాయన ముందు పెదవి విరిచాడు. నెల తిరిగేసరికి తన విద్య అంతా దాచుకోకుండా నేర్పాడు. "మెడ వెనక తోలు పట్టుకోమ్మా. దాని మొహం అవతలికి ఉండాలి. నీ మొహం చూస్తే దానికి భయం, దాని పళ్ళు చూస్తే నీకు భయం. ఎందుకొచ్చిన గొడవ ఇద్దరికీ!" అనేవాడు. అలా వెనక నుంచి పట్టుకుంటే ఎలుక కుడిచెవి మనకీ కుడివైపే ఉంటుంది, ఎడమచెవి ఎడమవైపే. కుడిచెవికి పెట్టిన గాట్లు ఒకట్లు, ఎడమచెవికి పెట్టినవి పదులు. ఎడమ చెవికి ఒక గాటు, కుడిచెవికి రెండు గాట్లు ఉంటే అది పన్నెండో నంబరు. "పుస్తకంలో కనిపించింది కనిపించినట్టు గీసెయ్, నంబరు తర్వాత వేసుకోవచ్చు" అని కూడా పెద్దాయనే చెప్పాడు. అందుకే ఆ పద్నాలుగు పుస్తకాల్లోనూ పేజీ పేజీకీ గుండ్రటి తలలు, తలకి రెండు చెవులు, చెవులకి బుల్లి గాట్లు. ఒక చేత్తో ఎలుక, ఇంకో చేత్తో పెన్సిలు. అబ్బ, ఎంత వేగంగా గీసేదో!

ఆయన జంతుశాలకి మొదటిసారి వచ్చిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. లేజరు వెలుగుతో కంటి లోపల పని చేయాలని ఆయన పట్టుదల, ముందు చిన్న కళ్ళ మీద చూడాలి కాబట్టి ఎలుకలు కావాలి. కావాలన్నవాడు, ఒకటి పెట్టెలోంచి దూకేసరికి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. అంత పొడుగు మనిషి, తల దీపానికి తగిలింది. ఆవిడ ఎలుకని పట్టుకుని "దిగండి, లోపల వేసేశాను" అంటే "ఒట్టు?" అన్నాడు. ఆ "ఒట్టు?" అన్న మాటకే ఆవిడ పడిపోయింది. రెండేళ్ళకి పెళ్ళయింది.

పెళ్ళితోపాటే ఒక కాయితం కూడా వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఒకే కేంద్రంలో ఉద్యోగం చేయకూడదని నిబంధనట. డైరెక్టరు పిలిచి "మీలో ఒకరు మానుకోవాలి" అన్నాడు. ఎవరు మానాలి అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగే అవసరమే ఎవరికీ కనిపించలేదు. ఆయన ఇంటికొచ్చి "నువ్వు ఊరికే వచ్చి పని చూసుకుంటూ ఉండు, నిన్ను ఎవరు వద్దంటారు?" అన్నాడు, గొప్ప ఉపాయం తోచినవాడిలా. అలా ఆరేళ్ళు ఊరికే వచ్చింది. ఊరికేనే పని చేసింది. ప్రతి సోమవారం గేటు దగ్గర ఎర్రచీటీ రాయించుకోవాలి. హోదా: సందర్శకురాలు. ఎవరి తాలూకు: ప్రొఫెసరుగారి భార్య. కాపలావాడు పాపం మంచివాడే, "మీరు రాయక్కర్లేదమ్మా, నాకు తెలుసుగా" అని తనే రాసేసేవాడు. అతనికి ఆవిడ పేరు తెలియదు, ఏ చీటీ మీదా అది లేదు. ఇంటికెళితే అత్తగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "ఎలుకల కంపు! ముందు స్నానం చేసి, తర్వాత వంటింట్లోకి రా. జీతమా బత్తెమా, ఎందుకే నీకీ పీకులాట?" అనేది. జీతం లేని పని ఇంట్లో కూడా చేస్తోంది కదా, అది పీకులాట అని అత్తగారికి ఎందుకు అనిపించలేదో ఆ వయసులో అడగడం చేతకాలేదు.

కానీ ఆ ఆరేళ్ళూ ఎంత బాగుండేవి! కళ్ళ డాక్టరు ఆస్పత్రి నుంచి పరుగెత్తుకొచ్చేవాడు. గుండ్రటి మనిషి, నవ్వితే పొట్ట ముందు నవ్వేది. ఆవిడకి ఎలుకలమ్మ అని పేరు పెట్టింది అతనే. "ఎలుకలమ్మ లేకపోతే నువ్వూ నేనూ టార్చిలైటు పట్టుకుని గోడకి గుద్దుకునేవాళ్ళంరా" అని ఆయనతో అంటుండేవాడు. ఎలుకల వంశాలు ఆవిడవి, వెలుగు ఆయనది, జబ్బు పిల్లలు డాక్టరువి. ముగ్గురూ జంతుశాల మెట్ల మీద కూర్చుని ఒకే ఫ్లాస్కులో టీ పంచుకునేవాళ్ళు. టీ తెచ్చేది మాత్రం ఆవిడే.

పన్నెండో నంబరు సంగతి బయటపడింది అప్పుడే. ఎలుకపిల్లలు పుట్టిన పద్నాలుగో రోజుకి కళ్ళు తెరుస్తాయి. ఒక ఉదయం పెట్టె మూత తీస్తే తొమ్మిది పిల్లల్లో నాలుగింటి కళ్ళు మెరవలేదు. అద్దం మీద ఊపిరి వదిలినట్టు తెల్లగా ఉన్నాయి. "జబ్బువమ్మా, తీసెయ్" అన్నాడు పెద్దాయన. ఆవిడ తియ్యలేదు. తల్లిని పట్టుకుని చిన్న టార్చి వేసి చూసింది. ఎడమకంట్లో ఒక మూల, వెతికితే తప్ప దొరకని సన్నటి పొర. ఎడమచెవికి ఒక గాటు, కుడిచెవికి రెండు. పక్క పెట్టెలో ఉన్న ఇరవై ఒకటో నంబరు తల్లికి కళ్ళు స్వచ్ఛంగా ఉన్నాయి, దాని పిల్లలకీ అంతే. ఆ రెండు వంశాల్నీ పక్కపక్కనే పెట్టుకుని పదకొండు తరాలు నడిపింది. ప్రతి కాన్పులోనూ పన్నెండో నంబరు వంశంలో సగానికి సగం పిల్లలకి పొర వచ్చింది. డాక్టరు ఆ కళ్ళలోకి టార్చి వేసి మళ్ళీ మళ్ళీ చూశాడు. అతని వార్డులో పుట్టుకతో పొర వచ్చిన పిల్లలకి ఉన్నదీ సరిగ్గా అలాంటిదే. ఇక ఆ తర్వాత మూడేళ్ళు యజ్ఞంలా సాగింది. కత్తి పెట్టకుండా, వెలుగుతోనే ఆ పొరలో చిన్న కిటికీ తెరవాలి. ఎంత వెలుగు, ఎంతసేపు? రెండువందల ఎలుకలు. ప్రతిదాన్నీ మత్తిచ్చి ఆయన బల్ల మీద, కిరణానికి ఎదురుగా పడుకోబెట్టింది ఆవిడ. పనయ్యాక మెలకువ వచ్చేదాకా అరచేతిలో వెచ్చగా పెట్టుకుని కూర్చున్నదీ ఆవిడే.

కూతురు కడుపులో పడ్డాక, చివరి నెలల్లో, ఆ రెండు వంశాల పిండాల్నీ సన్నటి గొట్టాల్లో పోసి, గడ్డకట్టించి, కేంద్రంలోని అతిచల్లటి నైట్రోజన్ ట్యాంకులో భద్రం చేసింది. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు కదా అని. ఒక్కో గొట్టం మీదా తల్లి నంబరు సిరాతో తనే రాసింది. కొన్నిటి మీద పన్నెండు, కొన్నిటి మీద ఇరవై ఒకటి. తర్వాత కూతురు పుట్టింది. అదే నెలలో అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. "ఎలుకల్ని పెంచింది చాలు, ఇక మన పిల్లని పెంచుదువుగాని" అన్నాడు ఆయన, ప్రేమగానే. ఎర్రచీటీ రాయించుకోని మొదటి సోమవారం ఆవిడ స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. మానేయడానికి అసలు ఉద్యోగమే లేదు కదా.

పేపరు అచ్చు కాబోయే ముందు ప్రూఫులు ఇంటికొచ్చాయి. పిల్లకి మూడు వారాలు. ఆయన పుస్తకాలన్నీ ముందేసుకుని, ఆవిడ గీసిన చెవుల బొమ్మలు చూసి తనే నంబర్లు వేసి పట్టిక కట్టాడు. ఆవిడ పిల్లని భుజాన వేసుకుని అటుగా వెళుతూ చూసింది. పొర వచ్చిన వంశానికి మూలం: ఇరవై ఒకటో నంబరు తల్లి. ఎందుకలా అయిందో ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆయన ఎలుకల్ని ఎప్పుడూ చూసింది ఎదురుగానే, కంట్లోకి. అందుకే బొమ్మలో తల కూడా తనకేసి చూస్తోందనుకున్నాడు. కుడిచెవి ఎడమ అయిపోయింది, ఎడమ కుడి అయిపోయింది, పన్నెండు ఇరవై ఒకటి అయిపోయింది.

"ఏమండీ, చెవులు తారుమారయ్యాయండీ. ఇవి వెనక నుంచి గీసినవి," అంది.

ఆయన తలెత్తలేదు. "ఏ చెవి అయితే ఏంటోయ్, ఎలుక ఒకటేగా! పాలు పొంగుతున్నాయి, చూడు."

నిజంగానే పొంగుతున్నాయి. వెళ్ళి కట్టేసింది. స్టవ్ తుడిచింది. లోపలి గదిలోంచి అత్తగారు పిలిచింది, పిల్ల ఏడ్చింది, ప్రూఫులు టపాకి వెళ్ళిపోయాయి. అంతే జరిగింది. తర్వాత ఎన్నిసార్లు అనుకుందో, పొయ్యి పాడైతే అయిందని ఇంకొక్క నిమిషం అక్కడే నిలబడి ఉండాల్సింది అని. పేపరు చివర చిన్న అక్షరాల్లో "జంతువుల పెంపకంలో ఓపికగా సాయపడిన నా భార్యకు కృతజ్ఞతలు" అని వేశాడు. "చూశావా, నిన్ను కూడా వేశాను!" అని తెచ్చి చూపించాడు. నిజం చెప్పొద్దూ, ఆవేళ మురిసిపోయింది కూడా. ఏడాది తర్వాత ఆ వెలుగుతో చూపు వచ్చిన మొదటి పాప ఫోటో దినపత్రికలో పడింది. అటు డాక్టరు, ఇటు ఆయన, మధ్యలో పాప. ఆవిడ ఆ కాయితాన్ని కూరగాయల తొక్కలు పడకుండా పక్కకి తీసి, ఆ పాప కళ్ళు వేలితో తడిమింది. మన పన్నెండో నంబరు చలవే తల్లీ అనుకుంది. సంతోషం మాత్రం నిఖార్సైనదే.

గంట మోగింది. ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తుడుచుకుంది.

వచ్చిన పరిశోధక పిల్లకి ముప్పై లోపే ఉంటాయి. జుట్టు పెన్సిలు గుచ్చి ముడేసుకుంది. మణికట్టు మీద ఎలుక గీరిన సన్నటి గీతలు ఉన్నాయి. ఆ గీతలు చూడగానే ఆవిడకి ఆ పిల్ల మీద ఎక్కడలేని ఆపేక్ష పుట్టుకొచ్చింది. ఆయన నోటుబుక్కుల్ని బల్ల మీద పేర్చుకుని, లేజరు కిరణం గురించి ముప్పావుగంట ఏకధాటిగా చెప్పాడు. పిల్ల ఓపిగ్గా విని, చివరికి అసలు సంగతి చెప్పింది.

"సర్, మీ పద్ధతిలో చూపు వచ్చిన పిల్లల్లో కొందరికి ఆ పొర మళ్ళీ మళ్ళీ వస్తోంది. మా ఆస్పత్రిలో ఒక బాబుకి నాలుగోసారి లేజరు పెట్టారు. ఆ పొర ఏ జన్యువు వల్ల వస్తుందో దొరికితే రాకుండానే ఆపొచ్చు. అందుకే మీ పాత వంశాన్ని మళ్ళీ బతికిద్దామనుకున్నాం. పేపర్లో మూలం ఇరవై ఒకటో నంబరు అని ఉంది. ట్యాంకులో ఇరవై ఒకటి అని రాసిన గొట్టాలన్నీ వాడేశాం సర్. ముప్పై ఎనిమిది పిల్లలు పుట్టాయి. ఒక్కదానికి కూడా పొర లేదు."

"అలా ఎలా ఉంటుంది!"

"మాకూ అర్థం కావట్లేదు. మా విభాగం పెద్దాయన, ఈ పేపరు నమ్మదగ్గది కాదు అని రాసి వదిలేద్దామంటున్నారు. స్థలం చాలట్లేదని ఎల్లుండి శుక్రవారం ఆ ట్యాంకు ఖాళీ చేసేస్తున్నారు. మిగిలిన గొట్టాలన్నీ పారబోస్తారు. మీ పుస్తకాల్లో ఏమైనా ఆధారం దొరుకుతుందేమోనని ఆఖరి ఆశ సర్."

ఆవిడ టీ కప్పులు పట్టుకుని నిలబడిపోయింది. పారబోస్తారు. పదకొండు తరాలు. ఆరేళ్ళ ఎర్రచీటీలు. నాలుగోసారి కళ్ళకి గంతలు కట్టుకున్న ఎవరో బాబు. ట్యాంకు అడుగున పన్నెండు అని తన చేతిరాతతో ఉన్న గొట్టాలు, ఎవరూ అడక్కుండా, ఎల్లుండి దాకా. కప్పులు బల్ల మీద పెట్టి, "ఏమండీ, ఒక్కసారి ఇలా రండి," అంది.

వంటింట్లో స్టవ్ మీద పాలు పెట్టి, చిన్న మంట చేసి, ఆయనకి నాలుగు మాటల్లో చెప్పింది. చెవులు, వెనక నుంచి గీసిన బొమ్మలు, పన్నెండు, ఇరవై ఒకటి. తెలివైన మనిషి, ఇట్టే అర్థమైపోయింది.

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. అబద్ధమాడటం లేదు. ఆ సాయంత్రం ఆయనకి నిజంగానే గుర్తులేదు. ముప్పై అయిదేళ్ళుగా ఆవిడ మోస్తున్న మాట ఆయన దగ్గర ఒక్కరోజు కూడా లేదు. కోపం రావాలి, రాలేదు. ఏదో బరువు దిగినట్టుగా, కాస్త చలిగా కూడా అనిపించింది.

"సరే, అయిందేదో అయింది," ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వా చెవుల లెక్క ఒక కాయితం మీద రాసివ్వు. నేను ఆ పిల్లకి సర్దిచెప్తాను. అచ్చుతప్పు పడిందని రాసి పంపిద్దాం."

"అచ్చుతప్పా?"

"మరి నా భార్య చెప్తే నేను వినలేదని రాయమంటావా? ఈ వయసులో నా పరువు తీస్తావా? నీకూ నాకూ తేడా ఏముందోయ్, మనిద్దర్లో ఎవరు చెబితే ఏంటి?"

ఏ చెవి అయితే ఏంటి. ఎవరు చెబితే ఏంటి. ఆ మాటలు అనేవాడికి ఎప్పుడూ తేడా పడదు, తేడా పడ్డది ఎప్పుడూ ఆవిడకే. పాత జాలి మళ్ళీ అలవాటు ప్రకారం తలెత్తింది. కుర్చీ ఎక్కి "ఒట్టు?" అన్న పొడుగు మనిషి గుర్తొచ్చాడు. ఆ మనిషంటే ఆవిడకి ఇప్పటికీ ఇష్టమే. ఆ ఇష్టంతోనే కదా ఇన్నేళ్ళూ ప్రతిసారీ వెళ్ళి స్టవ్ కట్టేసింది. కాయితం మీద రాసిస్తే ఈ పూట గడిచిపోతుంది, ఆయన పరువు నిలబడుతుంది, గొట్టాలూ మిగులుతాయి. మరి ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల? దాన్ని ఎవరు అడుగుతారు? దాని తరఫున మాట్లాడాల్సిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది, ఆ ఒక్కతీ వంటింట్లో నిలబడి ఆయన పరువు గురించి ఆలోచిస్తోంది.

ఆవిడ కొక్కేనికి వేలాడుతున్న చేతి తువ్వాలు తీసుకుని హాల్లోకి నడిచింది. ఆయన "ఏమోయ్, ఏమోయ్" అంటూ వెనకే వచ్చాడు.

పిల్లకి ఎదురుగా కూర్చుని తువ్వాలుని రెండు మడతలు పెట్టి, చుట్టి, రెండు కొసలు ముడేసింది. రెండు చెవులున్న ఎలుక తయారైంది. కూతురు చిన్నప్పుడు "అమ్మా ఎలుక చెయ్యవే" అని ప్రాణం తీసేది, అప్పటి విద్య. ఒక చెవికి పెన్సిలుతో ఒక గీత, రెండో చెవికి రెండు గీతలు పెట్టింది. మెడ వెనక పట్టుకుని, మొహం పిల్ల వైపు తిప్పి చూపించింది.

"ఇది ఎన్నో నంబరమ్మా?"

పిల్ల లెక్కపెట్టింది. "నాకు కుడివైపున్న చెవికి ఒక గీత, ఎడమ వైపు రెండు. కుడి ఒకట్లు, ఎడమ పదులు. ఇరవై ఒకటి మేడమ్."

"లేచి నా వెనక్కి వచ్చి చూడు."

పిల్ల లేచి వచ్చింది. ఆవిడ భుజం మీదుగా వంగి చూసింది. తర్వాత బల్ల మీద పుస్తకం లాక్కుని, పేజీలు గబగబా తిప్పి, చెవుల బొమ్మలు చూసి, మళ్ళీ తువ్వాలు చూసింది. "పన్నెండు! మేడమ్, పన్నెండు! అయ్యో, పన్నెండు అని రాసిన గొట్టాలు తొమ్మిదో పదో అలాగే ఉన్నాయి. మేం వాటి మొహం కూడా చూళ్ళేదు." అక్కడికక్కడే ఫోన్ చేసింది. "పన్నెండో నంబరు గొట్టాలు ముట్టుకోవద్దని చెప్పండి. ఎవరూ ముట్టుకోవద్దు, నేను వస్తున్నా!" ఫోను పెట్టేసి, ఆవిడ వైపు కొత్తగా చూసింది. ఇప్పటిదాకా టీ ఇచ్చిన మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు. "ఈ బొమ్మలన్నీ మీరే గీశారా? పద్నాలుగు పుస్తకాలూ?"

"పద్నాలుగూ."

"గొట్టాల మీద రాసింది కూడా?"

"ఒకటి కింద అడ్డగీత పెట్టడం నా అలవాటు. చూసే ఉంటావు."

"చూశాను!" పిల్ల నవ్వింది, కళ్ళనిండా నీళ్ళు. "మేమంతా ఎవరో తాతగారి చేతిరాత అనుకున్నాం."

"తాతగారు కాదమ్మా, ఎలుకలమ్మ," అని ఆవిడ కూడా నవ్వింది. కళ్ళ డాక్టరు పోయాక ఆ పేరు నోటితో పలికిన మనిషి లేడు. ఎంత హాయిగా ఉందో ఆ పేరు వింటే, తన నోటితోనైనా సరే.

పిల్ల కాయితం తీసింది. "పేపరుకి దిద్దుబాటు పంపాలి మేడమ్. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు పట్టుకున్నారో రాయాలి. ఎవరి పేరు మీద రాయమంటారు?"

"నా పేరు మీదే రాయమ్మా, పేపరు నాదే కదా," ఆయన ముందుకొచ్చాడు. "అచ్చుతప్పు పడిందని ఒక్క ముక్క రాస్తే..."

ఆవిడ పద్నాలుగో పుస్తకం అట్ట లోపల్నుంచి ఒక చిన్న కట్ట తీసింది. దారంతో కట్టిన ఎర్రచీటీలు. రంగు వెలిసి గులాబీగా మారాయి. పైచీటీ పిల్ల ముందు పెట్టి, "ఇక్కడ నా పేరు లేదు. పేపర్లోనూ లేదు. అందుకని జాగ్రత్తగా రాసుకో, తప్పు పోకుండా," అని తన పేరు చెప్పింది. పెళ్ళికి ముందు జంతుశాల హాజరు పట్టీలో ఉన్న పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క అక్షరం. "తప్పు అచ్చులో కాదు, చూడటంలో జరిగింది. పట్టిక వేసినాయన ఎదురుగా నిలబడి చూశారు, గీసినావిడ వెనక నుంచి పట్టుకుంది. అప్పుడే చెప్పింది. అది కూడా రాయి."

పిల్ల ఒక్కసారి ఆయన వైపు చూసి, తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి చిన్నగా బుసబుసమన్న చప్పుడు, వెంటనే మాడు వాసన.

"ఏమోయ్," అన్నాడు ఆయన కంగారుగా, "పాలు! పాలు పొంగుతున్నాయి!"

ఆవిడ తల తిప్పలేదు. మొదటి పుస్తకం మొదటి పేజీ తెరిచి, పిల్ల వైపు జరిపి, పెన్సిలు చేతిలోకి తీసుకుంది.

"మీరు చూడండి," అంది. "నేను పనిలో ఉన్నాను."